ఒక పేరు, ఏడు కీలు: బీబీసీ మైక్రో రోజుల సంగతి

మన బడి మొదలైన 1975లోనే అమెరికాలో మోస్ టెక్నాలజీ అనే కంపెనీ 6502 అనే మైక్రోప్రాసెసర్‌ను అమ్మకానికి పెట్టింది. ధర 25 డాలర్లు. అప్పటి ఇతర చిప్‌లతో పోలిస్తే అది చాలా చవక. ఆ చౌకదనం వల్లే కంప్యూటర్ ఇళ్లలోకీ బళ్లలోకీ రాగలిగింది. మన బడికీ ఆ చిప్‌కూ పరిచయం కావడానికి మరో పదేళ్లు పైనే పట్టింది.

1981 డిసెంబరులో ఇంగ్లండులో కేంబ్రిడ్జి నగరానికి చెందిన ఏకార్న్ కంపెనీ బీబీసీ మైక్రోను విడుదల చేసింది. జనానికి కంప్యూటర్ అక్షరాస్యత నేర్పడానికి బీబీసీ తలపెట్టిన కార్యక్రమం కోసం తయారైన యంత్రం అది. దాని రూపకల్పనలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ ముఖ్యులు. 1984లో మన కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' పేరుతో పాఠశాలల్లో కంప్యూటర్ చదువు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్నది ఈ యంత్రాన్నే. మొదటి విడతలో దేశం మొత్తం మీద దాదాపు 250 బళ్లకు ఇచ్చారు. ఆ తర్వాతి విడతల్లో ఒకదానిలో మన వంతు వచ్చింది. లెక్కల మాస్టారు శిక్షణకు వెళ్లివచ్చి, చెప్పులు బయట విడిచి రమ్మనే గదిలో మాకు దాన్ని చూపించారు.

దాని వేగం 2 మెగాహెర్ట్జ్, మెమరీ 32 కిలోబైట్లు. ఈ రోజు ఫోనులో తీసే ఒక్క ఫొటో అందులో పట్టదు. కానీ అంత చిన్నది కాబట్టే దాని లోపల జరిగేదంతా ఒక పదో తరగతి పిల్లవాడు పూర్తిగా తెలుసుకోగలిగేవాడు. బేసిక్ ప్రోగ్రాం మధ్యలో చదరపు బ్రాకెట్లు పెట్టి, వాటి లోపల అసెంబ్లీ భాషలో రాసుకునే వీలు అందులో ఉండేది. మాస్టారు మాకు అసెంబ్లీలో ఇచ్చిన మొదటి పని: 'నీ పేరేమిటి?' అని అడిగి, టైప్ చేసిన పేరును మెమరీలో దాచాలి. వినడానికి ఎంతో తేలిక!

కీ నొక్కగానే అక్షరం దానంతట అది తెర మీదికి రాదు. కీబోర్డు లోపల తీగలు అడ్డంగా, నిలువుగా గళ్లలా ఉంటాయి. కీ నొక్కితే ఒక అడ్డ తీగ, ఒక నిలువు తీగ కలుస్తాయి. వెంటనే ప్రాసెసర్‌కు పిలుపు వెళ్తుంది. అది చేస్తున్న పని ఆపి, ఏ గడిలో కలిశాయో వెతికి, షిఫ్ట్ కూడా నొక్కి ఉందో లేదో చూసి, ఆ అక్షరపు ఆస్కీ సంకేతాన్ని బఫర్‌లో పెడుతుంది. రేషన్ షాపు ముందు సంచులు వరుసలో పెట్టి వెళ్లేవాళ్లం గుర్తుందా, బఫర్ అలాంటిది. డీలరు తలుపు తీసేదాకా సంచులు వరుస తప్పకుండా ఉన్నట్టే, ప్రోగ్రాం అడిగేదాకా అక్షరాలు వచ్చిన క్రమంలో అక్కడ ఉంటాయి. బీబీసీ మైక్రోలో ఆ వరుసకు కేటాయించినది 32 బైట్లు.

అక్కడి నుంచి ఒక్కో అక్షరాన్ని తీసుకోవడం మా పని. తీసుకున్న సంకేతం 13 అయితే రిటర్న్, అంటే పేరు ముగిసింది. 127 అయితే డిలీట్, ఒక అక్షరం వెనక్కి పోవాలి. అయితే ముందు లెక్క చూసుకోవాలి. అసలు ఒక్క అక్షరం కూడా టైప్ కాకముందే డిలీట్ నొక్కితే తెర మీద ఉన్న మన ప్రశ్నే చెరిగిపోవడం మొదలవుతుంది. ఎస్కేప్ నొక్కితే సంగతి వేరు. ఇవేవీ కాకపోతే అక్షరాన్ని తెర మీద చూపించి, మెమరీలో రాసి, లెక్కను ఒకటి పెంచి, మళ్లీ మొదటికి రావాలి. కేటాయించిన చోటు నిండాక కూడా రాస్తూ పోతే పక్కనున్న సమాచారం పాడవుతుంది.

ఇదంతా మా చేత రాయించిన తర్వాతే, ఇదే పని చేసే రొటీన్ యంత్రంలో ముందే ఉందని మాస్టారు చెప్పారు. దాని పేరు ఓఎస్‌వర్డ్ సున్నా. దానికి ఐదు బైట్ల చీటీ రాసి ఇవ్వాలి. మొదటి రెండు బైట్లు పేరును దాచాల్సిన చోటి చిరునామా. మూడోది, ఎన్ని అక్షరాల దాకా తీసుకోవచ్చో చెబుతుంది. నాలుగోది, ఒప్పుకోదగిన అతి చిన్న సంకేతం. ఐదోది, అతి పెద్ద సంకేతం. ఆ చీటీ చిరునామాను ఎక్స్, వై రిజిస్టర్లలో ఉంచి, ఏ రిజిస్టర్‌లో సున్నా వేసి పిలిస్తే చాలు. హద్దు దాటి టైప్ చేస్తే బీప్‌మని మోగుతుంది. చివరికి పేరు పొడవు వై రిజిస్టర్‌లో వస్తుంది.

ఆ ఐదు బైట్లలో చివరి మూడింటి గురించే ఈ వ్యాసం. పేరు ఎంత పొడవుండవచ్చు, ఏ అక్షరాలు చెల్లుతాయి అన్నది యంత్రం నిర్ణయించదు. ప్రోగ్రాం రాసేవాడు నిర్ణయిస్తాడు. మేమందరం 20, 32, 126 అని రాసేవాళ్లం. అంటే ఇరవై అక్షరాలు, అవీ ఇంగ్లీషువే. ప్రతి క్లాసులోనూ కనీసం ఒక లక్ష్మి ఉండేది. ఆ పేరు ఇంగ్లీషులో ఏడు కీలు, ఏడు బైట్లు. తెలుగులో రాసే మార్గం లేదు. కొత్త అక్షరాలను 8 గీతల గడిలో చుక్కలతో గీసుకునే వీలుండేది గానీ, క కింద ష, ఆ కింద మ, పైన గుడి పట్టేంత చోటు అందులో ఎక్కడిది?

దారి మాత్రం మన దేశంలోనే పడుతోంది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై పుణేలోని సీడాక్‌కు చేరిన జిస్ట్ పరిశోధన, భారతీయ లిపులకు ఇస్కీ సంకేతాలు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వచ్చాయి. ఇస్కీ 1991లో భారతీయ ప్రమాణమైంది. అందులో లక్ష్మి అంటే ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఏడు గుర్తులు, ఏడు బైట్లు! ఇంగ్లీషులో ఎన్నో తెలుగులోనూ అన్నే. ఎనిమిది బిట్ల బైటులో మన అక్షరం పట్టదన్న మాట నిజం కాదని అది రుజువు చేసింది. అదే ఏడాది వచ్చిన యూనికోడ్ మొదటి రూపంలోనూ తెలుగుకు చోటు దక్కింది.

అయినా ఆ చీటీ రాసేవాడి బాధ్యత తీరలేదు. ఇప్పుడు ఎక్కువగా వాడే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. లక్ష్మికి 21. ఎవరో ఇంజనీరు పేరుకు 20 బైట్లు చాలనుకుంటే చివరి గుడి ఎగిరిపోయి 'లక్ష్మ' మిగులుతుంది. నా ఉద్యోగ జీవితంలో ఇలా చివర తెగిన పేర్లు దరఖాస్తుల్లో చూశాను. ధ్రువపత్రంలో ఒక పేరు, రేషన్ కార్డులో మరో పేరు ఉంటే దాన్ని సరిచేయించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగేది ఆ మనిషే. డిలీట్ సంగతీ అంతే. నొక్కితే పోవాల్సింది ఒక గుర్తా, కంటికి కనిపించే 'క్ష్మి' మొత్తమా? దీనికి ఈనాటికీ ఒక్కో యంత్రం ఒక్కో జవాబు చెబుతుంది.

బీబీసీ మైక్రోలు ఎప్పుడో మూలనపడ్డాయి. ఆ యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాములు మాత్రం ఇప్పుడు ఏ కంప్యూటర్‌లోనైనా ఉచితంగా నడుస్తాయి. మన బడి ఉపాధ్యాయులకు నాదొక మనవి. తొమ్మిదో తరగతి పిల్లల చేత ఒక్కసారి ఆ 'నీ పేరేమిటి?' ప్రోగ్రాం రాయించండి. వారం రోజుల పని. రేపు వాళ్లలో ఎవరో ఒకరు లక్షల మంది పేర్లు నింపే ఫారం తయారుచేస్తారు. పేరుకు ఎంత చోటివ్వాలో, ఏ అక్షరాలకు తలుపు తెరవాలో ఆలోచించే అలవాటు అప్పటికే వాళ్లకు ఉండాలి.