బాంబు పట్టుకుపోయిన ఎరుపు

పిట్స్‌బర్గ్ పక్కన పెన్ హిల్స్‌లో శ్రీవారి గుడి ఉందని తిరుపతిలో చాలామందికి తెలుసు. అక్కడి నుంచి ఒహాయో నది వెంబడి గంటకు పైగా కారులో పోతే వెస్ట్ వర్జీనియాలో న్యూవెల్ అనే చిన్న ఊరు వస్తుంది. ఇక్కడ అమెరికాలో పాత సామాన్ల అంగళ్లలో నేను వెతికే రంగురంగుల పింగాణీ తట్టలు ఆ ఊరివే.

వాటికంటే ముందు గాజు సంగతి చెప్పాలి. 1929లో షేర్ మార్కెట్ కూలింది, బ్యాంకులు మూతబడ్డాయి. 1933 నాటికి పని చేయగలవాళ్లలో దాదాపు నలుగురికి ఒకరు ఖాళీ. చేతిలో డబ్బుల్లేని జనాన్ని అంగడికి రప్పించేదెట్లా? గులాబీ, ఆకుపచ్చ, తేనెరంగు గాజు సామాను యంత్రాలతో చవగ్గా అచ్చుపోసి ఓట్స్ డబ్బాల్లో కొసరుగా పెట్టారు. సినిమా హాళ్లు వారానికో రాత్రి టికెట్టుతోపాటు తట్టో గిన్నో ఇచ్చేవి. సెట్టు పూర్తికావాలంటే మళ్లీ మళ్లీ సినిమాకు పోవాల్సిందే. ఆనాటి కొసరులో కొన్ని ఈనాడు డిప్రెషన్ గ్లాస్, అంటే మాంద్యం నాటి గాజు, అనే పేరుతో మంచి ధర పలుకుతున్నాయి.

ఆ కరువు రోజుల్లోనే, 1936లో, న్యూవెల్‌లోని హోమర్ లాఫ్లిన్ కంపెనీ ఫియెస్టా తట్టలు తెచ్చింది. రూపమిచ్చినవాడు ఇంగ్లండు నుంచి వచ్చిన ఫ్రెడరిక్ రీడ్. పూలూ లతలూ లేవు. గుండ్రటి గీతలు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు, దంతపురంగు, అంతే. సెట్టంతా కొనక్కర్లేదు. డబ్బులున్నప్పుడు ఒక్కొక్కటే, నచ్చిన రంగులో తెచ్చుకోవచ్చు.

అందులో ఎరుపు యురేనియంతో వచ్చింది. యురేనియమంటే మనకు కడప జిల్లా తుమ్మలపల్లె గని గుర్తొస్తుంది. అప్పట్లో పింగాణీవాళ్లకు అది ఒక రంగు, అంతే. రెండో ప్రపంచయుద్ధంలో అణుబాంబు కోసం ప్రభుత్వం యురేనియాన్ని తన చేతిలోకి తీసుకోవడంతో ఎర్ర తట్టలు ఆగిపోయాయి. బాంబు పని రహస్యం కాబట్టి కొనేవాళ్లకు అసలు కారణం తెలిసే వీల్లేదు. 1959లో ఎరుపు తిరిగొచ్చింది, ఈసారి అణుశక్తి పనులకు తీసుకోగా మిగిలిన యురేనియంతో. 1972 దాకా సాగింది.

మన స్టీలు గిన్నెల మీద పెండ్లి తేదీ, ఇచ్చినవాళ్ల పేరు చెక్కివుంటాయి. ఇక్కడి తట్టల మీద పేర్లుండవు కానీ, దేశం ఎప్పుడు పస్తులుందో, ఎప్పుడు యుద్ధానికి పోయిందో రంగే చెబుతుంది.

1986 నుంచి వస్తున్న కొత్త ఫియెస్టాలో యురేనియం లేదు. పాత ఎరుపు దగ్గర రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్ పెడితే ఇప్పటికీ టకటకమంటుంది. అట్లాంటివాటిలో తినొద్దని ఇక్కడి పర్యావరణ సంస్థే చెబుతుంది. ఇక్కడున్న మీ పిల్లలెవరైనా ఒకటి పంపితే గోడకు తగిలించుకోండి. సంగటి మాత్రం వడ్డించుకోవద్దండి.