నేరం తగ్గిందా, నమోదు తగ్గిందా?

పోలీసులు జనంతో కలిసి పనిచేస్తే ఘోర నేరాలు తగ్గుతాయా? అర్ధ శతాబ్దంగా ఈ ప్రశ్న మీద పరిశోధనలు జరుగుతున్నాయి. ఆ చరిత్రను స్త్రీల వైపు నుంచి చదివితే, జవాబు కన్నా ముందు ప్రశ్ననే సరిచూసుకోవాలనిపిస్తుంది.

1967లో అమెరికాలోని న్యూఆర్క్ నగరం అట్టుడికింది. నల్లజాతి టాక్సీ డ్రైవర్‌ను పోలీసులు కొట్టడంతో మొదలైన ఆ అల్లర్లలో 26 మంది చనిపోయారు. 1978-79లో అదే నగరంలో పోలీసుల్ని కార్లలోంచి దించి, కొన్ని వీధుల్లో కాలినడకన గస్తీ తిప్పి చూశారు. 1981లో వెలువడిన ఫలితం ఏమిటంటే, నేరాలు తగ్గలేదు, జనంలో భయం మాత్రం తగ్గింది. 1983-84లో హ్యూస్టన్‌లో ఇలాంటి ప్రయత్నమే జరిగితే, దాని మేలు ఎక్కువగా తెల్లవాళ్లకూ సొంత ఇళ్లున్నవాళ్లకూ అందింది. నల్లజాతివాళ్లకూ అద్దె ఇళ్లవాళ్లకూ అంతగా చేరలేదు. 'సమాజం' అన్నప్పుడు ఎవరి సమాజం అన్న ప్రశ్న అప్పుడే తలెత్తింది.

అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను గుదిగుచ్చి షార్లెట్ గిల్ బృందం 2014లో ఒక సమీక్ష ప్రచురించింది. పోలీసుల పట్ల ప్రజల సంతృప్తి పెరిగింది గాని నేరాల మీద ప్రభావం స్వల్పమేనని తేల్చింది. బ్రెజిల్, కొలంబియా, లైబీరియా, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్, ఉగాండాలలో ఒకేసారి జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. అక్కడ నేరాలూ తగ్గలేదు, నమ్మకమూ పెరగలేదు.

అయితే ఇక్కడితో ఈ విధానం పనికిరాదని తీర్పు చెప్పేయవచ్చా? నేరాన్ని లెక్కపెట్టేది ఎవరో కూడా చూడాలి కదా! న్యూఆర్క్ ప్రయోగం మొదలైన 1978లోనే, హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక ముస్లిం స్త్రీపై అత్యాచారం జరిగింది. ఆమె భర్త పోలీసుల దెబ్బలకు చనిపోయాడు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టినా కోర్టులో వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. నేరం జరిగిన చోటే నేరాన్ని నమోదు చేసే చోటు కూడా అయితే బాధితురాలు ఎక్కడికి వెళ్తుంది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, శారీరక లేదా లైంగిక హింసకు గురైన స్త్రీలలో సాయం కోరినవాళ్లు 14 శాతమే. తక్కిన వాళ్ల బాధ పోలీసు రికార్డుల దాకా రాదు. భర్త చేసే అత్యాచారాన్నయితే 2023లో వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా అత్యాచారం కాదంటోంది. అది ఏ 'ఘోర నేరాల' పట్టికలోకి ఎక్కుతుంది?

అందుకే మధ్యప్రదేశ్‌లో 180 పోలీస్ స్టేషన్లలో జరిగి 2022లో ప్రచురితమైన అధ్యయనం మనకు ముఖ్యం. కొన్ని స్టేషన్లలో మహిళా సహాయ డెస్కులు పెట్టి, సిబ్బందికి శిక్షణ ఇచ్చి, స్థానిక స్త్రీల బృందాలతో సంబంధాలు పెంచారు. అక్కడ స్త్రీల కేసుల నమోదు పెరిగింది. ఎఫ్‌ఐఆర్‌ల పెరుగుదల ముఖ్యంగా మహిళా పోలీసులు నడిపిన డెస్కులలోనే కనిపించింది.

పాత కొలబద్దతో చూస్తే ఇది నేరాల పెరుగుదల. మన దృష్టిలో, అన్నాళ్లూ తలుపు దగ్గరే తిప్పి పంపేసిన ఫిర్యాదు కాగితం మీదికి ఎక్కడం. ఇకముందు ఎవరైనా నేరాలు తగ్గాయని అంకెలు చూపిస్తే, ఆ స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు రాయించలేక తిరిగొచ్చిన స్త్రీలెందరని మనం అడగాలి.