దూదిపరక పట్టిచ్చిన తేడా

ఉత్తరాంధ్ర పల్లెల్లో కుష్ఠును పేరు పెట్టి అనేవారు కారు. ‘పెద్ద రోగం’ అని ఊరుకునేవారు. దాన్ని ఊరవతలి పాకలోంచి వైద్యుడి ముందుకు తెచ్చినవాటిలో రెండింటిని ప్రత్యేకంగా చెప్పాలి. ఒకటి సాలూరులో బ్రెక్లుమ్ లూథరన్ మిషన్‌వారు నెలకొల్పిన ఫిలడెల్ఫియా ఆసుపత్రి. (సాలూరు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది.) రెండోది చిలకలపల్లిలో గాంధీ స్మారక కుష్ఠు సంస్థ నడిపిన కేంద్రం. 1951లో ఏర్పడిన ఆ సంస్థ తన మనుషులను ఇల్లిల్లూ తిప్పింది. వాళ్ల చేతిలో గొప్ప పరికరాలేం లేవు. రోగిని కళ్లు మూసుకోమని, మచ్చ మీద దూదిపరక ఆనించి, ఎక్కడ తగిలిందో వేలితో చూపమనేవారు. చెవి తమ్మెకు చిన్న గాటు పెట్టి, ఆ రసిని గాజుపలక మీద పూసి పరీక్షకు పంపేవారు.

చిక్కు ఆ పలక దగ్గరే ఉంది. ఒకరికి ఒంటి మీద ఒకటో రెండో మచ్చలు, వాటిలో బొత్తిగా స్పర్శ ఉండదు, పలక మీద క్రిమి మాత్రం దొరకదు. మరొకరికి ముఖం, చెవులు దళసరెక్కి ఉంటాయి, పలక నిండా క్రిములే. 1873లో నార్వేలో హాన్సెన్ చూసిన క్రిమే ఇద్దరిలోనూ. 1960లలో రిడ్లీ, జోప్లింగ్ ఈ రెండు కొసల మధ్య మెట్లను వర్గీకరించారు. తేడా క్రిమిలో లేదు, దేహం దాన్ని ఎదుర్కొన్న తీరులో ఉంది. అయితే దేహం ఆ క్రిమిని ఎలా పసిగడుతుంది?

జవాబు కోసం వైద్యం ఆగలేదు, ఆగకూడదు కూడా. డాప్సోన్ అనే మందు ఒక్కదానికే క్రిములు లొంగడం మానేశాక, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1981లో దానికి రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్ కలిపిన చికిత్స సూచించారు. దేశంలో అది తొలి విడతల్లో అందిన జిల్లాల్లో విజయనగరం, శ్రీకాకుళం ఉన్నాయి. క్రిములు చచ్చాయి. చికిత్స నడుస్తుండగానే కొందరికి నరాలు వాచి, వేళ్లు కొంకర్లు పోవడం మాత్రం మిగిలింది.

జవాబు మెల్లగా, ప్రయోగశాలల్లోంచి వచ్చింది. బ్యాక్టీరియా తన ప్రోటీన్లలో కొన్నింటి మొదటి కొసన, సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి కొవ్వు తోకలు తగిలించి, వాటితో పొరలో పాతుకుంటుంది. ఆ కొస ముక్కే లిపోపెప్టైడ్. అలాంటి మూడు తోకల గుర్తు మన కణాలు తయారుచేసేది కాదు, కనుక అది పరాయి గుర్తు. లాస్ ఏంజెలెస్‌లో మోడ్లిన్ బృందం 1999లో కుష్ఠు క్రిమికి చుట్టమైన క్షయ క్రిమి లిపోప్రోటీన్‌ను తీసుకుని, రక్షక కణాలు దాన్ని టోల్ తరహా గ్రాహకం 2 ద్వారా పసిగడతాయని చూపింది. 2007లో ఆ అమరిక రూపమే తెలిసింది: రెండు తోకలు రెండో గ్రాహకం గూటిలో, మూడోది దాని జత అయిన ఒకటో గ్రాహకం గూటిలో దూరతాయి. దాంతో రెండూ దగ్గరికి బిగుసుకుంటాయి. కణం లోపలికి కబురు వెళ్తుంది, వాపు రేపే రసాయనాలు వెలువడతాయి.

2003లో అదే బృందం కుష్ఠు మచ్చలను పరిశీలించింది. క్రిములు అరుదైన మచ్చల్లో ఈ జంట గ్రాహకాలు బలంగా ఉన్నాయి, క్రిములు కిక్కిరిసిన చర్మంలో బలహీనంగా ఉన్నాయి. గాజుపలక చూపిన తేడాకు ఇది ఒక ఆధారం. నన్ను ఇంకా కలవరపెట్టేది అదే ఏడాది వచ్చిన మరో ఫలితం: నరాలకు తొడుగైన ష్వాన్ కణాల మీదా రెండో గ్రాహకం ఉంది, కుష్ఠు క్రిమి లిపోపెప్టైడ్ తగిలితే ఆ కణాలు చచ్చిపోతాయి. 2007లో టర్కీ రోగులపై జరిగిన పరిశోధనలో, ఒకటో గ్రాహకం సరిగా పనిచేయని జన్యురూపం ఉన్నవారికి కుష్ఠు ముప్పు తక్కువని తేలింది. క్రిమిని పట్టే కన్నే నరాన్నీ కాలుస్తుందన్నమాట.

2005 చివరికి దేశంలో రోగుల సంఖ్య పదివేలకు ఒకరి కంటే తగ్గింది. కొత్త కేసులు నేటికీ వస్తూనే ఉన్నాయి. ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చ కనిపిస్తే దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. మందు ఉచితం. ఆలస్యమైతే క్రిమి చచ్చినా, చచ్చిన నరం తిరిగి రాదు.