కంటికి వచ్చిన ఇంగ్లీషు, చెవికి రాని ఇంగ్లీషు

హనుమకొండనుండి కరీంనగరమునకు పోవు బాటలో ఎర్రగట్టు గుట్ట దాటిన పిదప వచ్చు హసన్‌పర్తి, ఒకనాడు వరంగల్లు పొలిమేరలోని సామాన్యమైన పల్లె. నేడు వేలకొలది విద్యార్థులకు నెలవు. 1980లో గుట్ట చెంత భీమారమున కాకతీయ సాంకేతిక విజ్ఞాన సంస్థ వెలసెను. 2002లో అనంతసాగరమున నెలకొన్న ఎస్.ఆర్. ఇంజనీరింగు కళాశాల 2020లో విశ్వవిద్యాలయమాయెను. చుట్టుపట్ల జిల్లాల తెలుగు బడులనుండి ఏటేటా ఇచ్చటికి వచ్చు పిల్లలలో పెక్కండ్రు అచ్చులో నున్న ఇంగ్లీషును నిదానముగా చదివి గ్రహింపగలరు; అదే విషయమును అధ్యాపకుడు నోట చెప్పినచో, మొదటి వాక్యమును పట్టుకొనులోపల మూడవది దాటిపోవును. దీనిని వారి బుద్ధిమాంద్యముగా ఎంచుట అన్యాయము. ఈ సీమకు ఇంగ్లీషు కంటిద్వారా వచ్చెనేగాని చెవిద్వారా రాలేదు. దానిని చెవికి నేర్పవలెనన్న తలంపు విద్యాధికారులకు మిక్కిలి ఆలస్యముగా కలిగెను.

నిజాము రాజ్యమున 1884లో పారసీకము స్థానమున ఉర్దూ రాజభాష యాయెను. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉన్నతవిద్యనుగూడ ఉర్దూలోనే బోధించుటకు పూని, ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యాంశముగా మాత్రము నిలిపెను. కావున ఈ ప్రాంతపు బాలునకు ఇంట తెలుగు, బడిలో ఉర్దూ. ఇంగ్లీషన్ననో పరీక్షకొరకు చదువు మూడవ భాష. అది జీవద్భాషగా వినవచ్చు తావు లెన్ని? 1889 నాటికి బెజవాడవరకు సాగిన ఇనుపదారి, 1929లో పూర్తియైన కాజీపేట–బల్లార్షా మార్గము, ఆ మార్గమున హసన్‌పర్తి రోడ్డు స్టేషను, కాజీపేట రైల్వే కాలనీలోని ఆంగ్లో ఇండియను కుటుంబములు — అంతే. రైతుబిడ్డకును నేతగాని బిడ్డకును ఆ భాష కాగితముపై దర్శనమిచ్చెనేగాని ఎవరి పెదవులనుండియు వెలువడలేదు.

దేశమంతటను బోధనపద్ధతియు ఈ స్థితికే దోహదము చేసెను. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు అధిపతియైన మైకేల్ వెస్టు, బడిచదువు నడుమనే మానివేయు బాలురు వంగదేశమున మెండుగా నుండుట గమనించి, కొద్ది యేండ్లలో చేజిక్కి, విడిచిపోయిన పిదపగూడ అక్కరకు వచ్చునది పఠనశక్తి యొక్కటే యని 1926లో వాదించెను. పేదబాలుని యెడల కరుణతో పుట్టిన వాదమది. దానిని నేను తప్పుపట్టను. కాని అదే దశకమున జపానులో పనిచేసిన హెరాల్డు పామరు, భాష మొదట చెవిని చేరవలెననియు, నోరును, కన్నును దాని ననుసరింపవలెననియు బోధించుచుండెను. మన బడులకు పామరు మాట చేరలేదు. వెస్టు మాటలోనైనను పుస్తకము మిగిలెనుగాని, విద్యార్థి తానై విరివిగా చదువుకొనవలెనన్న అతని ముఖ్యాశయము జారిపోయెను.

ఆ బోధన యెట్టిదో ఒక్క వాక్యముతో చూపవచ్చును. పంతులుగారు ఇంగ్లీషు వాక్యము నొకటి చదువుదురు. వెంటనే మాట మాటకును తెలుగర్థము చెప్పుదురు. వాక్యమునకు తాత్పర్యము చెప్పి, పిల్లలచేత వల్లె వేయింతురు. అంతట రెండవ వాక్యము. గంట గడచునప్పటికి విద్యార్థి చెవిన బడినది ముప్పాతిక తెలుగే. ఇంగ్లీషు పడినది తునకలు తునకలుగా, ఊపిరి తీయుటకు వ్యవధి యిచ్చుచు పడినది. డిక్టేషను లేకపోలేదు. కాని అది అక్షరక్రమమును పరీక్షించు సాధనము. ఒక్కొక్క మాటయే విడివిడిగా, రెండు మూడు పర్యాయములు, స్పష్టముగా పలుకబడును. లోకమున ఏ ఇంగ్లీషువాడును అట్లు మాటాడడు.

1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానమును ఇంగ్లీషు ఆక్రమించెను. నిన్నటివరకు ఉర్దూలో శాస్త్రములు విన్నవారు నేడు ఇంగ్లీషులో వినవలసి వచ్చిరి. 1959లో వరంగల్లున ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు నెహ్రూ శంకుస్థాపన గావించెను. వంగరలో పెరిగి హనుమకొండలో చదివిన పి.వి. నరసింహారావు విద్యామంత్రిగా నున్న కాలమున, 1968లో తెలుగు అకాడమి యేర్పడి, తెలుగున కళాశాలవిద్యకు బాట పడెను. ఆ నిర్ణయము న్యాయమైనదనియే నా దృఢవిశ్వాసము. తల్లిభాషలో భౌతికశాస్త్రము నేర్చినవాని యెఱుక గట్టిది. లోపమెచ్చట నన్న, తెలుగున ఇంటర్మీడియెటు ముగించి ఇంగ్లీషు ఉపన్యాసములు సాగు తరగతిలో కూర్చుండబోవు బాలునికి, ఆ రెంటి నడుమ చెవిని సిద్ధపఱచు ఏర్పాటేదియు చేయకపోవుటలోనే.

హైదరాబాదున 1958లో స్థాపితమై, 1972లో పేరు మార్చుకొని, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైన ఇంగ్లీషు సంస్థ, ధ్వనిశాస్త్రమును ఈ సమస్యకు తోడ్పఱచెను. అచ్చటి ఆచార్యుడు ఆర్.కె. బన్సల్ భారతీయుల ఇంగ్లీషు పరులకు ఎంతవఱకు తెలియునో పరిశోధించి 1969లో గ్రంథము వెలువఱచెను. పరుల ఇంగ్లీషు మనకేల తెలియదో దానికి ఎదుటి ప్రశ్న. తెలుగు అజంతభాష, మాట అచ్చుతో ముగియును, ప్రతి అక్షరమునకును ఇంచుమించు దాని పాలు దానికి దక్కును. ఇంగ్లీషున ఊనిక పడిన అక్షరము నిలుచును, పడనిది నలిగిపోవును. ‘ఐ షుడ్ హావ్ టోల్డ్ హిమ్’ అను ఐదు మాటలను మన విద్యార్థి ఎఱుగును. ఆంగ్లేయుని నోట అది ‘ఐషుడవ్‌టోల్డిమ్’ అని ఒక్క పట్టున వెలువడును. రెండు హకారములును లోపించును, నడిమి అచ్చు మసకబారును. సంధి మనకు క్రొత్తయా? చిన్నయసూరి వ్యాకరణము చదివిన జాతికి సంధి చెప్పవలెనా? భేదమేమనగా, తెలుగువాడు సంధిని లిపిలోనే వ్రాసి చూపును. ఇంగ్లీషువాడు దానిని నోటికే విడిచి, లిపిలో మాటలను విడదీసియే యుంచును. కావున కంటితో నేర్చినవానికి ఆ సంధి యున్నదనియే తెలియదు. విసంధిగా చదివిన భాషను ససంధిగా విని గుర్తింపలేకపోవుట సహజము.

బడి చేయని పనిని కొంత రేడియో చేసెను. బి.బి.సి. 1943నుండి రేడియోలో ఇంగ్లీషు పాఠములు ప్రసారము చేసెను. 1959 అక్టోబరు 19న వాయిస్ ఆఫ్ అమెరికా, సుమారు 1,500 మాటలకు లోబడి, మామూలు వేగములో మూడింట రెండు వంతులకు తగ్గించి చదువు వార్తలను ప్రారంభించెను. ఆకాశవాణిలో ముందు తెలుగు వార్తలు విని, పిమ్మట ఇంగ్లీషు వార్తలు వినువాడు, తెలియకయే ఉత్తమమైన పద్ధతి నవలంబించుచుండెను: విషయము ముందే తెలిసియున్నప్పుడు చెవి అర్థమునకై తడుముకొనక మాటల రూపమును పట్టుకొనును. క్రికెట్ వ్యాఖ్యానము ఇంతకన్న గొప్ప గురువు. బెర్రీ సర్బాధికారి, పియర్సన్ సురిటా వంటివారి కంఠములు ట్రాన్సిస్టరులో పలుకుచుండగా, బంతి బంతికిని అవే మాటలు స్వల్పభేదముతో వచ్చుచుండెను. జనసమ్మర్దపు ఘోష ఏమి జరిగినదో ముందే సూచించుచుండెను. ఆటనెఱిగిన బాలుడు దినమంతయు వినుచుండెను. ఎవరును ప్రశ్నలడుగలేదు, మార్కులు వేయలేదు. వినికిడికి కావలసిన మూడును — తెలిసిన విషయము, మరల మరల వచ్చు పదజాలము, విసుగులేని దీర్ఘకాలము — అచ్చట సమకూడెను.

1979నుండి 1984వఱకు ఎన్.ఎస్. ప్రభు బెంగుళూరు, మదరాసు ప్రాంతముల బడులలో నడపిన ప్రయోగము ఈ సత్యమునే తరగతిలోనికి తెచ్చెను. రైళ్లవేళల పట్టికను, పటమును ముందుంచి, గురువు ఇంగ్లీషున అడుగుచుండగా పిల్లలు లెక్కకట్టి చెప్పవలెను. తాము మాటాడక మునుపే వారు చాలసేపు విని గ్రహించుచుండిరి. ఇది మనవఱకు రాకపోవుట విచారకరము.

ఇప్పటి కళాశాలలలో లాంగ్వేజి ల్యాబులున్నవి. విద్యార్థి హెడ్‌ఫోను తగిలించుకొని ఖండమునొకదానిని విని, తెరమీది నాలుగు జవాబులలో ఒకదానిని నొక్కును. ఇది పరీక్ష; శిక్షణ కాదు. తప్పు జవాబు ఎచ్చటనో జారినదని చెప్పునుగాని, ఎచ్చట జారినదో చెప్పదు. పాఠము చూడక ఒకమారు విని, వినబడినంత వ్రాసికొని, పాఠముతో సరిపోల్చి, తప్పిన చోట్లనే మరల విని, తుదకు పాఠము మూసి మఱియొకమారు వినువాడు ఆ ఐదు మాటల సంధిని తన చెవితోనే కనుగొనును. టోఫెల్ పరీక్ష 1964నుండియు వినికిడిని కొలుచుచున్నది. పదవ తరగతి పబ్లిక్ పరీక్ష నేటికిని ఇంగ్లీషును కాగితముపైననే కొలుచుచున్నది. ఉన్నతపాఠశాల వాచకములలో ఉపాధ్యాయుడు చదివి వినిపించుటకు పాఠములు చేర్చియున్నారు. పరీక్షకు రాని దానికి బడిలో గంట దొరకుట కష్టము.

2022–23నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమము ఆరంభమైనది. ఆ యేట ఒకటవ తరగతిలో చేరిన పిల్లలు 2034లో ఇంజనీరింగునకు వత్తురు. వారిలో కొందఱు ఎర్రగట్టు గుట్టకును, అనంతసాగరమునకును వత్తురు. వారి యిండ్లలో తెలుగే వినబడును, అది తగినదే. కావున వారు ఇంగ్లీషు వినుటకు తరగతి గది యొక్కటే ప్రధానమైన తావు. వారికి చెప్పు ఉపాధ్యాయులలో చాలమంది తామును తెలుగు బడిలో చదివి, ఇంగ్లీషును కంటితో నేర్చినవారే. శిక్షణ మొదట వారి చెవులకు కావలెను.