ఆటోమేటిక్ కారు కుదుపుతోందా? గేర్‌బాక్స్ విప్పించే ముందు ఇవి చూడండి

లీక్స్‌లిప్ ఇంటెల్ ఫ్యాక్టరీలో షిఫ్టులకెళ్లే కాంట్రాక్టు కార్మికులకు కారు ఆగితే ఆ రోజు జీతం ఆగినట్టే. అలాగని గేర్ మారేటప్పుడు కుదిపిందని కంగారుపడి, "గేర్‌బాక్స్ మొత్తం విప్పాలి" అన్న మొదటి మాటకే వేల యూరోలు కట్టేయకండి.

ముందు గేర్‌బాక్స్ ఆయిల్ చూపించండి. తగ్గిందా? నల్లబడి మాడు వాసన వస్తోందా? సీవీటీ కారైతే దానికి చెప్పిన ఆయిలే పోయించాలి. తర్వాత స్కానర్ పెట్టించి, వచ్చిన కోడ్‌లు రాయించుకోండి. ఇంజన్ మౌంట్ అరిగినా, లోపల ఒక్క సోలినాయిడ్ చెడినా ఇలాగే కుదుపుతుంది. ఆయిల్లో లోహపు ముక్కలు కనిపిస్తే మాత్రం బండి నడపొద్దు. ఇంకో గ్యారేజీలో కూడా కొటేషన్ రాతపూర్వకంగా తీసుకోండి.

డీలర్ దగ్గర కొన్న కారైతే ముందు వాళ్లకే రాయండి. వాళ్లు పట్టించుకోకపోతే 2,000 యూరోల వరకు స్మాల్ క్లెయిమ్స్‌లో కేసు వేయొచ్చు, ఫీజు 25 యూరోలు. వ్యక్తి దగ్గర కొన్నదైతే ఆ దారి ఉండదు.