గంజాం జమీందారీ కుటుంబాల వంశచరిత్ర: ఆధార పత్రాలు, వాటి పరిశీలన

ఉత్తరాన చిలికా సరస్సు నుంచి దక్షిణాన శ్రీకాకుళం దాకా విస్తరించిన పూర్వపు గంజాం జిల్లాలో గడీలు కట్టుకొని ఏలిన జమీందారీ కుటుంబాల, వారి ఆశ్రయంలో భూములు అనుభవించిన కరణాల, ఇనాందారుల తరతరాల క్రమాన్ని లిఖిత ఆధారాలతో నిర్ణయించే అధ్యయనాన్ని గంజాం జమీందారీ వంశచరిత్ర అంటారు. ఈ జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉండేది. బరంపురం దాని ప్రధాన పట్టణం. పర్లాకిమిడి, పెద్దకిమిడి, చినకిమిడి, ఖళ్ళికోట, ధారకోట, శేరగడ, చీకటి, సురంగి, జరడ, మందస, టెక్కలి వంటి సంస్థానాల చరిత్ర ఈ అధ్యయనానికి ముఖ్య విషయం. వీటికి సంబంధించిన రాతలు సంస్కృతం, తెలుగు, ఒడియా, పారశీకం, ఇంగ్లీషు భాషల్లో చెదిరి ఉన్నందువల్ల, ఏదో ఒక్క భాష మాత్రమే తెలిసినవారు ఏ ఒక్క కుటుంబ కథనూ మొదటినుంచి చివరిదాకా చదవలేరు.

తామ్ర శాసనాలు

ఈ ప్రాంతంలో వంశక్రమానికి అన్నిటికంటె పాత ఆధారాలు తామ్ర శాసనాలు, అనగా రాజు భూదానం చేసినప్పుడు దాన గ్రహీతకు హక్కు పత్రంగా రాగి రేకులపై చెక్కించి ఇచ్చిన శాసనాలు. గంజాంలో దొరికిన శైలోద్భవ మాధవరాజు శాసనం గుప్త శకం 300, అంటే క్రీ.శ. 619-20 నాటిది; గౌడ రాజు శశాంకుని అధీనంలో కొంగోద మండలాన్ని ఏలిన సామంతుని వంశం దానివల్ల తెలిసింది. గుంసూరు సమీపాన బుగుడలో లభించిన మాధవవర్మ శాసనం కూడా ఇదే వంశానికి చెందినది. కళింగనగరం, అంటే నేటి శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగం, రాజధానిగా ఏలిన తొలి తూర్పు గాంగులు తమ శాసనాలలో మహేంద్రగిరిపై వెలసిన గోకర్ణస్వామిని స్తుతించి, సాధారణంగా తండ్రి పేరు ఒక్కటే చెప్పి ఊరుకున్నారు.

పదకొండవ శతాబ్ది నాటికి ఈ పద్ధతి మారింది. పూర్వపు గంజాం జిల్లాకు చెందిన నరసన్నపేట తాలూకా నడగాంలో దొరికిన తూర్పు గాంగ రాజు వజ్రహస్తుని శాసనం శక సంవత్సరం 979, అంటే క్రీ.శ. 1057 నాటిది. దీన్ని పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు వెంకట రామమూర్తి చదివి, పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా నాల్గవ సంపుటంలో ప్రకటించారు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా, సవర భాషా పండితుడుగా తెలుగువారికి సుపరిచితుడైన ఆయన శాసన పరిశోధనలో కూడా ఆ విధంగా చేయి వేశారు. ఈ శాసనం గుణమహార్ణవుడితో వంశాన్ని మొదలుపెట్టి, వజ్రహస్తుడు 44 ఏళ్ళు, గుండముడు 3 ఏళ్ళు, అతని తమ్ముడు కామార్ణవుడు 35 ఏళ్ళు, చిన్న తమ్ముడు వినయాదిత్యుడు 3 ఏళ్ళు అంటూ ఒక్కొక్క రాజు ఏలుబడి కాలాన్ని లెక్కకట్టి, దాత అయిన వజ్రహస్తుని పట్టాభిషేకాన్ని శక సంవత్సరం 960 వద్ద నిలుపుతుంది. తండ్రి తర్వాత కొడుకు, అన్న తర్వాత తమ్ముడు అన్న తేడాను కూడా స్పష్టంగా చెప్పడం వల్ల ఈ పట్టికను ఇతర శాసనాలతో సరిపోల్చడం సాధ్యమవుతుంది.

ఈ వజ్రహస్తుని మనుమడు, 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుని కాలంలో అదే వంశావళి మరో రూపం ధరించింది. ఆయన శక సంవత్సరం 1003లో వేయించిన శాసనం నడగాం శాసన క్రమాన్నే అనుసరించగా, ఉత్కళ విజయం తర్వాత శక సంవత్సరం 1040, అంటే క్రీ.శ. 1118లో ఇచ్చిన శాసనం విష్ణువు, బ్రహ్మ, అత్రి, చంద్రుడు అంటూ మొదలై, తుర్వసుడి మీదుగా గాంగేయుని, కోలాహలపురాన్ని కట్టించిన రాజును దాటివచ్చి, ఐదుగురు అన్నదమ్ములు గంగవాడి విడిచి మహేంద్రగిరికి చేరగా పెద్దవాడైన కామార్ణవుడు గోకర్ణస్వామి అనుగ్రహంతో కళింగాన్ని గెలిచాడని చెబుతుంది. ముప్పై ఏడేళ్ళ తేడాతో ఒకే రాజు ఇచ్చిన ఈ రెండు పత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే, రాజ్యం పెరిగినకొద్దీ వంశవృక్షం పైకి ఎలా పెరుగుతుందో తేటతెల్లమవుతుంది. అందువల్ల చరిత్రకారులు పాలనా సంవత్సరాలతో కూడిన చిన్న పట్టికను ప్రమాణంగా తీసుకొని, పెద్ద పట్టికను ఆ కాలపు రాజనీతికి సాక్ష్యంగా చదువుతారు.

రాగి రేకులకు తోడుగా ఆలయ శాసనాలు ఉన్నాయి. ముఖలింగం, శ్రీకూర్మం, సింహాచలం ఆలయాల స్తంభాలపై, గోడలపై చెక్కిన దానశాసనాలలో రాజులతోపాటు రాణులు, మంత్రులు, దండనాయకులు, ఉద్యోగులు అఖండదీపాలకు ఇచ్చిన కానుకలు నమోదయ్యాయి. ప్రభువుల వంశంలో స్త్రీల పేర్లు, సామంత కుటుంబాలలో తండ్రి తాతల పేర్లు ఎక్కువగా దొరికేది వీటిలోనే.

కావ్యాలు, వంశావళులు

1434-35 ప్రాంతంలో కపిలేంద్రుడు కటక సింహాసనాన్ని అధిష్ఠించడంతో గాంగుల సామ్రాజ్యం ముగిసింది. కిమిడి రాజులు ఆ గాంగుల సంతతివారమని చెప్పుకుంటారు. ఆ రెండు వంశాలనూ కలిపే సూత్రం ప్రధానంగా సాహిత్యంలో దొరుకుతుంది. పద్దెనిమిదవ శతాబ్దిలో వాసుదేవ రథ సంస్కృతంలో రచించిన గంగవంశానుచరితం అనే చంపూ కావ్యం, అంటే గద్యపద్యాలు కలిసిన రచన, ఈ కోవలో ప్రసిద్ధమైనది. గుంసూరు భంజ రాజుల ప్రతిష్ఠ ఆ కుటుంబంలో పుట్టిన ఒడియా కవి ఉపేంద్ర భంజ రచనల ద్వారా కూడా నిలిచింది. ధారకోట, బడగడ, శేరగడ, సొరడ ఒకప్పుడు ఖిడిసింగి అనే ఒకే సంస్థానమని, అన్నదమ్ముల పంపకంలో విడిపోయాయని ఆ కుటుంబాల కథనం. తెలుగునాట వెంకటగిరి ప్రభువుల చరిత్రను చెప్పే వెలుగోటివారి వంశావళిని నేలటూరి వెంకటరమణయ్య 1939లో పరిష్కరించి ప్రకటించారు. భట్రాజులు, ఆస్థాన కవులు కాపాడిన ఇలాంటి రచనలలో యుద్ధాల, బిరుదుల వర్ణనలో అతిశయోక్తి ఉన్నా, పెళ్ళి సంబంధాలు, కొడుకుల వరుస వంటి విషయాలలో విలువైన సమాచారం ఉంటుందని ఆ పరిశోధన నిరూపించింది.

నవాబుల కాలం నుంచి కంపెనీ దాకా

గోల్కొండ సుల్తానుల పాలనలో, తర్వాత మొగలుల, నిజాముల పాలనలో శ్రీకాకుళం సర్కారు ఫౌజుదారులు ఈ సంస్థానాధిపతుల నుంచి పేష్కష్, అంటే ఏటా చెల్లించే కప్పం, వసూలు చేసేవారు. 1753లో నిజాము సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చాడు. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాముతో సంధి వల్ల అవి ఈస్టిండియా కంపెనీకి దక్కాయి. 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ గంజాంలో కంపెనీ తరపున మొదటి రెసిడెంటు అయ్యాడు. అదే ఏడు కిమిడి నారాయణదేవుణ్ణి కర్నల్ పీచ్ జల్మూరు దగ్గర ఓడించాడు. అప్పటినుంచి ప్రతి సంస్థానంలో ఎవరు చనిపోయారు, ఎవరు గద్దె ఎక్కారు, దాయాదులలో ఎవరు అభ్యంతరం చెప్పారు అన్న సంగతి మద్రాసుకు ఉత్తరాల రూపంలో చేరడం మొదలైంది. 1776లో ఏర్పాటై, మధ్యలో ఆగి, 1783లో తిరిగి మొదలైన సర్క్యూట్ కమిటీ, అంటే జమీందారీల స్థితిగతులను ఊరూరా విచారించే సంఘం, 1788 వరకు ఇచ్చిన నివేదికలు ఇందుకు ముఖ్యమైనవి. 1832-36 మధ్య పర్లాకిమిడిలో, గుంసూరులో చెలరేగిన తిరుగుబాట్లపై జార్జ్ రస్సెల్ ఇచ్చిన నివేదికలలో, 1882లో అచ్చయిన మాల్ట్‌బీ గంజాం జిల్లా మాన్యువల్‌లో ఈ కుటుంబాల కథలు ఒకచోట చేరాయి. అయితే మాన్యువల్ చాలాచోట్ల కుటుంబాలవారు చెప్పిన కథనాన్నే తిరిగి చెప్పింది గనుక దాన్ని మూలపత్రంగా కాక, మూలపత్రాలకు దారి చూపే పుస్తకంగా వాడుకోవాలి.

సన్నదులు, ఇనాం రిజిస్టర్లు

1802 నాటి 25వ రెగ్యులేషన్ శాశ్వత శిస్తు పద్ధతిని తెచ్చింది. దాని ప్రకారం జమీందారుకు సన్నదు, అంటే ప్రభుత్వం ఇచ్చే హక్కు పత్రం, దక్కగా, జమీందారు కబూలియత్, అంటే షరతులను ఒప్పుకొనే పత్రం, రాసి ఇచ్చేవాడు. ఈ జంట పత్రాల వల్ల హక్కుదారు పేరు, సంస్థానం సరిహద్దు, పేష్కష్ మొత్తం స్థిరపడ్డాయి. రాజుకంటె తక్కువ స్థాయిలోని కుటుంబాల చరిత్రకు 1858లో మద్రాసులో ఏర్పడిన ఇనాం కమిషన్ రిజిస్టర్లు పెన్నిధి వంటివి. ఇనాం మొదట ఎవరికి, ఎవరివల్ల లభించింది, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, మొదటి గ్రహీతతో వారికి చుట్టరికమేమిటి అన్న వివరాలను అవి వరుస గళ్ళలో నింపాయి. శిస్తు లేకుండా భూమి అనుభవించాలంటే చుట్టరికం రుజువు చేయవలసి వచ్చింది గనుక, అగ్రహారీకులు, కరణాలు, అర్చకులు తమ తాతముత్తాతల పేర్లను అధికారుల ముందు చెప్పి రాయించుకున్నారు. పూరీ పండాలు తమ యాత్రికుల పేర్లు రాసుకొనే బహీలు ఇలాంటి కుటుంబాలకు మరొక ఆధారం.

దత్తతలు, దావాలు

సంస్థానాలలో చాలావాటికి అవిభాజ్యత ఆచారం ఉండేది. ఆస్తిని పంచకుండా పెద్దకొడుకు ఒక్కడే అనుభవించి, తమ్ములకు భరణం ఇచ్చే ఆ ఆచారాన్ని 1904 మద్రాసు అవిభాజ్య ఎస్టేట్ల చట్టం స్థిరపరచింది. గద్దె ఒక్కరిదే కావడంతో వారసుడు లేనప్పుడల్లా దత్తత, దత్తత జరిగినప్పుడల్లా దావా వచ్చింది. చినకిమిడి సంస్థానాన్ని గురించి రఘునాథదేవుకు, బ్రజకిశోర పట్టదేవుకు మధ్య నడిచి 1876లో లండను ప్రీవీ కౌన్సిల్ తీర్పుతో ముగిసిన దావా వీటిలో ప్రసిద్ధమైనది. చనిపోయిన జమీందారు తమ్ముడు ఒకవైపు, వితంతువు దత్తత చేసుకున్న పిల్లవాడు ఒకవైపు నిలిచిన ఈ దావాలో భర్త దత్తతకు అనుమతి ఇచ్చాడన్న సంగతి రుజువై పిల్లవాడి హక్కు నిలిచింది. అనుమతి లేనప్పుడు అవిభక్త కుటుంబంలోని దాయాదుల సమ్మతి కావాలే గాని, వేరుపడిన ఒక దూరపు దాయాది సమ్మతి చాలదని కూడా న్యాయమూర్తులు చెప్పారు. ఇలాంటి దావాలలో ఇరుపక్షాలవారు దాఖలు చేసిన వంశవృక్షాలను ఎదుటివారు పేరుపేరునా ప్రశ్నించేవారు. అందువల్ల ఆస్థాన కావ్యానికి లేని పరీక్ష వీటికి జరిగింది. 1872 సాక్ష్య చట్టం 32వ సెక్షన్ చనిపోయినవారు చుట్టరికాన్ని గురించి వివాదం పుట్టకముందు చెప్పిన మాటను, వీలునామాలో గాని వంశవృక్షంలో గాని రాసిన మాటను సాక్ష్యంగా అంగీకరించేది. చరిత్రకారుడు పాటించే నియమం కూడా ఇదే. దత్తుడు పత్రాలలో కొడుకుగానే కనిపిస్తాడు గనుక, రక్తసంబంధం వేరు, వారసత్వం వేరు అన్న ఎరుకతో పట్టిక తయారుచేయాలి.

తేదీలు, పేర్లు

గంజాం పత్రాలలో పొరపాట్లు ఎక్కువగా జరిగేది తేదీల దగ్గర. ఒడియా రాజుల అంక సంవత్సరాలు భాద్రపద శుద్ధ ద్వాదశి నాడు మారుతాయి. మొదటి అంకెను, 6ను, 6తో గాని సున్నతో గాని ముగిసే అంకెలను వదిలి, 10ని మాత్రం ఉంచి లెక్కిస్తారు. ఈ లెక్కన 2తో మొదలయ్యే వరుసలో 6, 16, 20 రాలిపోతాయి గనుక, 25వ అంకం అని రాసిన పత్రం రాజు ఏలుబడిలో నిజానికి 21వ ఏటిది. ఈ సంగతి మరచినవారు ఒక రాజుకు నాలుగేళ్ళు అదనంగా కట్టబెట్టి తర్వాతి రాజు కాలాన్ని తారుమారు చేస్తారు. రెవెన్యూ పత్రాలలోని ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఫసలీ 1212 అంటే 1802 జూలై నుంచి మొదలైన ఏడు. తాత పేరు మనుమడికి పెట్టడం, గజపతి నారాయణదేవ, మర్దరాజ, రాజేంద్రదేవ వంటి బిరుదులు తరతరానా తిరిగి రావడం వల్ల పేరు ఒక్కటే చూసి మనిషిని గుర్తించడం కుదరదు. పేరుకు తేదీ, భూమి, తండ్రి పేరు తోడైతేనే గుర్తింపు కుదురుతుంది.

ఇంగ్లండు పద్ధతితో పోలిక

మధ్యయుగ ఇంగ్లండులో జెంట్రీ అనే కులీన భూస్వామి వర్గం చరిత్రను కూడా ఇదే రకమైన పత్రాలతో నిర్మిస్తారు. రాజుకు కట్టుబడిన భూస్వామి చనిపోగానే అతని భూమి ఎంత, వారసుడెవరు, వయసెంత అని పదమూడవ శతాబ్దం నుంచి అధికారులు జరిపిన మరణానంతర విచారణలు, భూమి బదిలీ ఒప్పందాలు, మేనరు, అంటే భూస్వామి ఎస్టేటు, కోర్టుల రికార్డు చుట్టలు అక్కడి ముఖ్య ఆధారాలు. 1484లో స్థాపితమైన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అధికారులు 1530 నుంచి 1688 వరకు జిల్లాలు తిరిగి వంశవృక్షాలు నమోదు చేశారు. వాటిలో కుటుంబాలవారు కల్పించి చెప్పిన పూర్వీకులు కూడా చేరారని హొరేస్ రౌండ్ వంటి పరిశోధకులు తర్వాత ఎత్తిచూపారు. 1538లో చర్చి రిజిస్టర్లు మొదలుకావడంతో సామాన్య కుటుంబాలకు కూడా అక్కడ ఆధారం దొరికింది. గంజాంలో అలాంటి జననమరణ పట్టిక లేకపోవడం వల్ల భూమి కాగితమే ప్రధాన ఆధారం అయింది.

ప్రమాణాల హద్దు

ఈ పత్రాలు ఇప్పుడు ఒకచోట లేవు. మద్రాసు ప్రెసిడెన్సీ నాటివి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు అభిలేఖాగారంలో, తర్వాతివి భువనేశ్వరంలోని ఒడిశా రాష్ట్ర అభిలేఖాగారంలో, మందస, టెక్కలి వంటి సంస్థానాల గ్రామ కాగితాలు శ్రీకాకుళం జిల్లా వైపు ఉండగా, 1948 నాటి మద్రాసు చట్టం, 1952 నుంచి అమలైన ఒడిశా చట్టం జమీందారీలను రద్దుచేయడంతో ఎస్టేటు కచేరీల కాగితాలు చెల్లాచెదురయ్యాయి. వంశాన్ని వెదకేవారు తెలిసిన తరం నుంచి తెలియని తరానికి, అంటే కింది నుంచి పైకి, ఒక్కొక్క మెట్టుకు ఒక పత్రం చూపుతూ వెళ్ళాలి. ఆ విధంగా వెళితే గంజాం జమీందారీ కుటుంబాల క్రమం పద్దెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధం దాకా పత్రాలతో నిలుస్తుంది. పదకొండు నుంచి పదిహేనవ శతాబ్దం దాకా గాంగుల క్రమం శాసనాలతో నిలుస్తుంది. ఆ రెంటికీ నడుమనున్న మూడు వందల ఏళ్ళ క్రమానికి వంశావళులు, కావ్యాలే ప్రధాన ఆధారం గనుక, దాన్ని సంప్రదాయంగా పేర్కొనాలే తప్ప రుజువైన విషయంగా రాయకూడదు.