సరుకు బండి సైలెన్సర్: సూర్యాపేట ప్రాంతంలో పొగగొట్టం చరిత్ర

ఇంజన్ సిలిండర్‌లో మండిన వాయువు వాల్వు తెరుచుకోగానే తీవ్రమైన ఒత్తిడితో బయటికి తన్నుకొస్తుంది. ఆ చప్పుడును అణచి, పొగను మనుషులకూ సరుకుకూ ఎడంగా వదలడమే సైలెన్సర్ పని. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ అనే అన్నదమ్ములు ఇలాంటి సాధనానికి 1897లో పేటెంటు పొందారు. సూర్యాపేట, పెన్‌పహాడ్, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో ఈ పొగగొట్టం కథ వడ్ల రవాణాతో పాటు నడిచింది.

నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద వరి సాగు పెరిగింది, మిర్యాలగూడ రైస్ మిల్లుల పట్టణమైంది. హైదరాబాద్–విజయవాడ రహదారి సూర్యాపేట, కోదాడ మీదుగానే పోతుంది. ఒకప్పటి 9వ నంబరు జాతీయ రహదారే ఇప్పటి 65వది. టెల్కో సంస్థ 1954లో జర్మనీకి చెందిన బెంజ్ కంపెనీతో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో డీజిల్ లారీలు తయారుచేయడం మొదలుపెట్టింది. మిల్లుల బియ్యం అలాంటి లారీల్లో దూరప్రాంతాలకు చేరింది.

లారీకి, ట్రాక్టరుకు మధ్య రకం బండ్లు 1980ల నడుమ వచ్చాయి. టయోటాతో డీసీఎం, నిస్సాన్‌తో హైదరాబాద్ ఆల్విన్, మజ్దాతో స్వరాజ్, మిత్సుబిషితో ఐషర్ చేతులు కలిపాయి. ఆల్విన్ నిస్సాన్ బండ్లు జహీరాబాద్‌లో తయారయ్యేవి. కంపెనీ ఏదైనా సరే, ఆ సైజు బండిని తెలుగువాళ్లు నేటికీ డీసీఎం అనే అంటారు. టాటా 407 కూడా 1986లో వచ్చింది. 2005లో టాటా ఏస్ రావడంతో ఊరి సందుల్లోకి కూడా సరుకు బండి చేరింది. దాని ఇంజన్ 702 సీసీ, రెండు సిలిండర్లు. ఆపైన బొలెరో పికప్ లాంటి టర్బో డీజిల్ బండ్లు వాడుకలోకి వచ్చాయి.

ఇంజన్ మారితే పైపు లావు లెక్క కూడా మారుతుంది. రెండంగుళాల పైపు తీసి రెండున్నర అంగుళాలది వేస్తే వ్యాసం పెరిగేది అరంగుళమే అయినా, పొగ పారే దారి వైశాల్యం 56 శాతం పెరుగుతుంది. పైపు మరీ సన్నమైతే పొగ వెనక్కి నెడుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది, మైలేజీ తగ్గుతుంది. అలాగని లావు పైపు ప్రతి బండికీ మేలు చేయదు. టర్బో లేని పెట్రోల్ ఇంజన్‌లో పొగ వేగం తగ్గితే, ఒక సిలిండర్ నుంచి పోయే పొగ తర్వాతి సిలిండర్ పొగను లాక్కుపోయే గుణం సన్నగిల్లుతుంది. తక్కువ వేగంలో బండి గుంజదు. లోడుతో పొలం బాట ఎక్కాల్సిన బండికి అది నష్టమే. టర్బో ఉన్న డీజిల్ ఇంజన్‌లో మాత్రం టర్బో దాటాక దారి ఎంత సాఫీగా ఉంటే అంత మంచిది.

సైలెన్సర్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకం డబ్బాలో అరలు, అడ్డుపలకలు ఉంటాయి. వాటిని తాకి వెనుదిరిగిన శబ్ద తరంగాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. చప్పుడు బాగా తగ్గుతుంది కానీ పొగకు అడ్డు ఎక్కువ. రెండో రకంలో చిల్లుల గొట్టం నేరుగా పోతుంది, చుట్టూ కూరిన గ్లాస్ ఊల్ శబ్దాన్ని పీల్చుకుంటుంది. అడ్డు తక్కువ, మోత ఎక్కువ.

1989 కేంద్ర మోటారు వాహన నియమాలు ఈ ఎంపికకు హద్దులు గీశాయి. 120వ నియమం ప్రకారం ట్రాక్టరుతో సహా ప్రతి బండికీ సైలెన్సర్ ఉండాలి. 112వ నియమం పొగను కిందికి గానీ ఎడమవైపు గానీ వదలకూడదంటుంది, ఎందుకంటే మనుషులు నడిచేది, బస్సెక్కేది ఆ పక్కనే. సరుకు బండి పొగగొట్టం మీద మండే వస్తువు పడకుండా రక్షణ ఉండాలని 114వ నియమం చెబుతుంది. వరిగడ్డి మోసే ప్రాంతంలో దీని అవసరం వేరే చెప్పనక్కర్లేదు: వేడెక్కిన పైపుకు ఎండుగడ్డి తగిలితే లోడంతా అంటుకోవచ్చు. రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహన చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది. 2019 సవరణతో శబ్ద, వాయు కాలుష్య నిబంధనలు మీరితే 10 వేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

చివరి మలుపు పొగ ప్రమాణాలది. భారత్ స్టేజ్ 4 దేశమంతటా 2017 ఏప్రిల్ 1న, స్టేజ్ 6 2020 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాయి. దాంతో డీజిల్ బండి పైపులో మసిని పట్టే ఫిల్టరు, విషవాయువులను విడగొట్టే క్యాటలిస్టు, వేడినీ ఒత్తిడినీ కొలిచే సెన్సర్లు చేరాయి. పెద్ద బండ్లకు యూరియా ద్రావణం చల్లే ఏర్పాటు కూడా తోడైంది. పాత బండికి తుప్పుపట్టిన ముక్క కోసి, అదే కొలత పైపు వెల్డింగ్ చేస్తే సరిపోయేది. కొత్త బండిలో ఫిల్టరు తీసినా, లావు మార్చినా సెన్సర్ల లెక్క తప్పుతుంది. హెచ్చరిక దీపం వెలిగి ఇంజన్ బలం తగ్గిపోతుంది. అందుకే ఇప్పుడు పికప్ సైలెన్సర్ చెడితే, కంపెనీ ఇచ్చిన కొలతకు సరిపడే భాగాన్నే వేయడం తప్ప మెకానిక్‌కు మిగిలిన స్వేచ్ఛ తక్కువ.